నూకాలు ఇచ్చిన కొసరు

అనగనగా, సముద్రం గుమ్మందాకా వచ్చి పలకరించి పోయే ఒక ఊళ్ళో, ఒక రాజు ఉండేవాడు. ఊ కొట్టండర్రా, మీరు ఊ కొట్టకపోతే కథ కదలదు. ఆ ఊరి రేవుకి తెల్లదొరల ఓడలు వచ్చేవి. దొర ఒకటి అడిగేవాడు, రాజు ఇంకొకటి చెప్పేవాడు, ఇద్దరూ తలలూపుకుని వట్టి చేతులతో ఎవరి దారిన వాళ్ళు పోయేవాళ్ళు. రాజుకి విసుగొచ్చింది. ఊళ్ళో ఎదిగే పిల్లలకి ఇంగ్లీషు నేర్పాల్సిందే అన్నాడు.

మగపిల్లలకి మేడలో శాస్త్రులుగారి బడి. బల్లలున్నాయి, గంట ఉంది. మరి ఆడపిల్లలకో? పాత ఉప్పుకొట్టు. అదేం న్యాయం అంటావా పండూ? రాజులకి తోచిన న్యాయం అదే, విను. పైగా షరతొకటి. మామిడికాయల కాలం దాటాక వచ్చే ఓడ దొరతో ఏ బడి పిల్లలు మాట్లాడతారో ఆ బడి ఉంటుంది, రెండోది మూత.

ఉప్పుకొట్టులో నూకాలు అని పద్నాలుగేళ్ళ పిల్ల చేరింది. బడి మూతపడితే మళ్ళీ అన్నదమ్ముల ఎంగిలి కంచాల ముందు కూర్చోవడమే దాని గతి. అందుకని ఎలాగైనా నేర్చుకోవాలని దాని పట్టుదల. కానీ దాని గొంతులో ఒక దెయ్యం ఉంది. భయపడకండి, జుట్టు విరబోసుకునే రకం కాదు. తప్పు మాట్లాడితే నవ్వుతారు, నవ్వుతారు అంటూ గొంతుకి అడ్డంగా కూర్చునే రకం. మీ గొంతుల్లోనూ ఉందిలెండి, నాకు తెలుసు.

పాఠం చెప్పేది మంత్రిగారి కోడలు రాజరత్నం. పుట్టింటివాళ్ళది ఓడల వర్తకం, అందుకే ఇంగ్లీషు వచ్చు. దీనికి నోరెక్కువ అని అత్తవారు రోజూ దెప్పేవారు. ఉన్న నోటిని దాచుకుని ఏం చేసుకుంటానని ఆవిడ బడికి వచ్చేసింది. మొదటి రోజే గంపెడు మామిడిపళ్ళు దింపించి, తాండ్ర పొయ్యండే అంది. రసం తీశారు, చాపల మీద పోశారు, పొర మీద పొర ఎండబెట్టారు. కొట్టులోనే అంగడి పెట్టారు. సగంమంది అమ్మాలి, సగంమంది కొనాలి, అంతా ఇంగ్లీషులోనే. తెలుగెత్తితే తాండ్ర ముక్క పుట్టదు.

తాండ్ర తినాలంటే కొనాలి, కొనాలంటే అడగాలి, అడగాలంటే నోరు తెరవాలి, నోరు తెరవాలంటే దెయ్యం దిగాలి, దెయ్యం దిగాలంటే ఆకలెయ్యాలి, ఆకలేస్తే తాండ్ర తినాలి! ఊ కొడుతున్నారా?

నూకాలు కొన్నాళ్ళు వాసన చూస్తూ కూర్చుంది. ఒకనాడు తట్టుకోలేక "గివ్!" అని అరిచింది. అందరూ నవ్వారు. రాజరత్నం మాత్రం, అడిగిందిగా, ఇవ్వండే అంది. ఆ ముక్క తియ్యదనానికి దెయ్యం కాస్త జరిగి కూర్చుంది. గివ్ అన్నది గివ్ మీ అంది, గివ్ మీ అన్నది టూ మచ్ అంది. ఇంట్లో అన్నయ్య మంచినీళ్ళు తెమ్మంటే "హౌ మచ్?" అని అడిగింది. చెయ్యి తిప్పి బేరం ఆడింది కూడా. అన్నయ్య లేచి వెళ్ళి తనే ముంచుకున్నాడు.

ఓడ రానే వచ్చింది. రాజు కూడా రేవులో ఆసనం వేయించుకుని కూర్చున్నాడు. శాస్త్రులుగారి పిల్లలు వరసగా నిలబడి వ్యాకరణమంతా గడగడా అప్పజెప్పారు. దొర మర్యాదగా ఆవులించాడు. తరవాత నూకాలు పళ్ళెం పట్టుకెళ్ళింది. ఇది చెప్పులు కుట్టే తోలా అన్నాడు దొర. నూకాలు ఒక ముక్క కొరికి నమిలి చూపించి, "ఈట్! గుడ్!" అంది. ఆయన తిన్నాడు. ధర చెప్పాడు. "టూ లిటిల్!" అంది. అటు లాగారు, ఇటు లాగారు, బేరం కుదిరింది. ఆకులో చుట్టి ఇస్తూ, చేతి అలవాటు కొద్దీ ఇంకో చిన్న ముక్క వేసింది. కొసరు వెయ్యని బేరం ఎక్కడైనా ఉందా మరి?

దొర మొహం మారిపోయింది. నేనడగలేదు, దీనికి డబ్బివ్వను అని పక్కకి నెట్టాడు. నూకాలు మళ్ళీ పెట్టింది, ఆయన మళ్ళీ నెట్టాడు. బేరం చెడింది ప్రభూ, తాళం తెప్పించండి అని శాస్త్రులుగారు నవ్వారు. గొంతులో దెయ్యం లేచి నిలబడింది. నూకాలు రాజరత్నం వైపు చూసింది. ఆవిడ చేతులెత్తేసింది. కొసరుకి ఇంగ్లీషు మాట ఆవిడకీ తెలీదు పాపం.

నూకాలు ఇంకో ముక్క నోట్లో వేసుకుని, దాంతో పాటు దెయ్యాన్నీ మింగేసింది.

"దిస్, నో మనీ. యూ కమ్, ఐ హ్యాపీ. యూ గో, దిస్ గో విత్ యూ. దెన్ యూ కమ్ ఎగైన్."

దొర ఆ చిన్న ముక్కని నోట్లో వేసుకున్నాడు. టోపీ తీసి, ఉన్న తాండ్రంతా కొనేసి, దీన్ని మీ భాషలో ఏమంటారని అడిగాడు. "కొ-స-రు" అంటూ ఓడ ఎక్కిందాకా వల్లెవేశాడు.

రాజు మేడ బడికి తాళం తెమ్మన్నాడు. వద్దంది నూకాలు, ఆ మేడ మాకివ్వండి, మగపిల్లల్నీ చేర్చుకుంటాం, ముందు మామిడిపళ్ళు పిసకడం నేర్చుకోవాలి అంది. అందరికంటే చివర్న శాస్త్రులుగారు కూడా వచ్చి నిలబడి, మెల్లిగా "గివ్" అన్నారు. నవ్వకండర్రా, ఆ దెయ్యం ఆయనకీ ఉంది. మాట తప్పు పోతే పోతుంది, నోరు మాత్రం మూసుకోకండి.

కథ కంచి దారి పట్టింది, మీరు దుప్పట్లో దూరండి. ఏంటే చిన్నీ, కొసరా? ఇలా రా, బుగ్గ ఇటు పెట్టు.