ఐదు వందల గజాలు

శిష్యుడు ఏమడిగినా దస్తగిరి వస్తాదు నోటితో జవాబు చెప్పేవాడు కాదు. ఏదో ఒక పని అప్పగించేవాడు. గురి కుదరడం లేదని ఒకడు మొరపెట్టుకుంటే చాటెడు బియ్యం చేతికిచ్చి రాళ్లు ఏరమన్నాడట. మూడు రోజులు ఏరాక వాడి చెయ్యి వణకడం మానిందని ఇప్పటికీ చెప్పుకుంటారు.

అవి సర్కారు పర్మిట్లు ఇచ్చి షికారుకు అనుమతించిన రోజులు. నల్లమలలో కృష్ణకు ఆనకట్ట కట్టకముందు మాట. ఆ అడవి అంచున, ఆత్మకూరు వైపు ఒక ఊళ్లో దస్తగిరికి రెండు గదుల మట్టి మిద్దె ఉండేది. తుపాకి పట్టడం నేర్చుకోవాలనుకున్నవాళ్లు ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. ఆయన మాత్రం నూట యాభై గజాలు దాటి ఏనాడూ కాల్చేవాడు కాదు. బయటినుంచి వచ్చిన షోకిలా షికారీలు, "ఇదేం వేట సాయిబూ, జంతువును పేరు పెట్టి పిలిచి కాల్చినట్టుంది" అని నవ్వేవాళ్లు. ఆయన కూడా వాళ్లతోపాటు నవ్వి ఊరుకునేవాడు.

నాలుగేళ్లుగా ఆయన దగ్గర ఉన్న శిష్యుడు ఓబులేసు. గొర్రెలు కాచుకునే ఇంటివాడు. కరువొచ్చి ఆ గొర్రెలన్నీ అమ్ముడుపోయాయి. అటువంటి సమయంలో, దొరలను అడవికి తీసుకొచ్చి వేటాడించే షికారు కంపెనీ ఒకటి హైదరాబాదు నుంచి అతనికి ఉత్తరం రాసింది. అడవి తెలిసిన, గురి ఉన్న మనిషి కావాలి. నెల జీతం. కొత్త రైఫిలు కూడా వాళ్లే కొనిస్తారు. అయితే ఏ తూటా కాల్చే రైఫిలు కావాలో శనివారం లోపల రాసి పంపాలి.

తూటా చూడడానికి ఒక్క వస్తువే గానీ, అందులో నాలుగున్నాయి. ఒక ఇత్తడి గొట్టం, దాని నిండా మందు, అడుగున నిప్పురవ్వ పుట్టించే చిన్న టోపీ, మూతి దగ్గర సీసపు గుండు. తూటా పేరులో వినపడే అంకె చాలావరకు గుండు లావును చెబుతుంది గానీ అది పోయే దూరాన్ని చెప్పదు. దూరం సంగతి తేల్చేది మందు, గుండు బరువు, దాని ఆకారం. మందు ఎక్కువ పట్టే పొడవాటి గొట్టమైతే గుండు వేగంగా పోతుంది. వేగంగా పోయేది తక్కువగా కిందికి దిగుతుంది. అందుకని దూరపు గురి తేలికవుతుంది. ఓబులేసుకు ఇదంతా కంఠతా వచ్చు. తేలనిది ఒక్కటే.

"వస్తాద్, థర్టీ నాట్ సిక్స్ అని రాయాల్నా, త్రీ హండ్రెడ్ మాగ్నం అని రాయాల్నా?" అని అడిగాడు. "మాగ్నం అయితే ఐదు వందల గజాల్లో ఉన్నదాన్ని గూడా పడేస్తుందంట. అంత దూరానికి గుండు నాలుగడుగులు దిగుతుంది. ఆ నాలుగడుగులు పైకి పట్టుకుంటే సాలు. ఇంక గాలి ఒక్కటే సూసుకోవాల."

దస్తగిరి మర్నాడు తెల్లవారగానే మోకాళ్లు పట్టుకుని మెల్లగా నడుస్తూ అతన్ని కృష్ణ లోయ అంచుకు తీసుకుపోయాడు. అక్కడ నేల ఉన్నట్టుండి తెగిపోతుంది. అడుగున, తాడిచెట్టంత లోతుకు ఎన్నో రెట్లు కింద, ఏరు సన్నగా మెరుస్తూ ఉంటుంది. అవతల మళ్లీ అంతే నిటారుగా గట్టు లేస్తుంది.

"ఆ ఎర్రబండ కనపడ్తాందా? ఎంత దూరం?"

"ఐదు నూర్లు. ఇరవై అటో ఇటో."

"నీ మాగ్నం గుండు ఎంతసేపట్లో పోతుంది?"

"రెప్ప కొట్టి తెరిసేలోపల."

"అయితే నువ్వు గూడా పోయిరా. ఆ బండ ఎనకాల చెంచుల గూడెం ఉంది, ఊటపెంట అంటారు. ఈదమ్మ అని ఒకామె ఉంటుంది. ఏ తూటా మంచిదో ఆయమ్మనడుగు."

ఓబులేసుకు నవ్వొచ్చింది. "తేనె తీసుకునే చెంచోళ్లకు తూటాల సంగతేం తెలుస్తుంది వస్తాద్?"

"నాకన్నా బాగా తెలుసు. తుపాకి ఈడనే పెట్టి పో. బరువు."

లోయలోకి దిగే దారి అక్కడ లేదు. రేవు ఆరు మైళ్ల దిగువన ఉంది. రాళ్లు జారుతూ, ముళ్లపొదలు గీరుతూ, ఓబులేసు రేవు చేరేసరికి పొద్దు వాలింది. ఆ రోజుకు ఇక ఏరు దాటించే పుట్టి వేసేది లేదన్నాడు పుట్టివాడు. ఇసుకలో పడుకుని తెల్లవారాక ఏరు దాటి, అవతలి గట్టు ఎక్కడం మొదలుపెట్టాడు. ఎర్రబండ దగ్గరికి వచ్చేసరికి రెండో రోజు మధ్యాహ్నం దాటింది. వెనక్కి తిరిగి చూశాడు. తాను నిన్న నిలబడిన చోటు, గట్టిగా పిలిస్తే పలుకుతారేమో అన్నంత దగ్గరగా ఉంది.

ఊటపెంటలో ఉన్నవి నాలుగైదు గుడిసెలు. ఒక గుడిసె ముందు ముసలామె ఎండబెట్టిన ఇప్పపూలలోంచి పుల్లలు ఏరుతోంది.

"ఈదమ్మంటే నువ్వేనా అవ్వా? దస్తగిరి వస్తాదు పంపినాడు."

ఆమె తల ఎత్తకుండానే, "ఏ తూటా మంచిదో అడగనీకేనా?" అంది. అతను తెల్లబోయి చూస్తే అప్పుడు నవ్వింది. "నువ్వు నాలుగోనివి. మొదటోడు నా మాట సగంల లేసి పోయిండు. రెండోడు గుడ్డెలుగుదే తప్పన్నడు. మూడోడు ఏరు చూసి ఆన్నించె మళ్లిండని పుట్టోడు చెప్పిండు. కూసో. నీళ్లు తాగు."

ఆమె చెప్పింది అర్థం కావాలంటే చెంచులు తేనె తీసే పద్ధతి కొంచెం తెలియాలి. పెద్ద తేనెపట్లు లోయ అంచుకు కింద, బండకు వేలాడుతూ ఉంటాయి. తీగలతో పేనిన తాడును పైన చెట్టు మొదలుకు ఒక చుట్టు చుట్టి, దాని కొసను ఒక మనిషి పట్టుకు కూర్చుంటాడు. రెండోవాడు తాడు పట్టుకుని పట్టు దగ్గరికి దిగుతాడు. పైన కూర్చునేవాడు ఎవరంటే వాడు కాదు, దిగేవాడి బావమరిదే కావాలి. సొంత అన్నదమ్ములకైనా పంపకాల దగ్గర మనసులో ఏదైనా ఉండవచ్చు. తోడబుట్టిన దాని మొగుణ్ని మాత్రం ఎవడూ జారవిడవడని వాళ్ల నమ్మకం. ఆ రోజు దిగినవాడు ఈదమ్మ మొగుడు. తాడు పట్టినవాడు ఆమె తమ్ముడు లింగడు.

"గీ ఇప్పపూల దినాలే. పొగకట్ట కిందికి దించి నేను బుట్ట పట్టుకొని నిలవడ్డ. పొదల్లకెల్లి గుడ్డెలుగొచ్చింది. తేనె వాసనకు వచ్చింది బిడ్డా. తిననీకి దానికి నోరు లేదు. కింది దౌడ ఇరిగి ఏలాడుతున్నది. పురుగులు పట్టినయ్. అప్పటికి మూడు దినాలాయె దానికి గట్లయి. వచ్చుడు వచ్చుడే లింగని మీద వడ్డది."

ఓబులేసు నీళ్ల ముంత కింద పెట్టాడు. "మీ తమ్ముడు తాడు ఇడ్సలేదా?"

"ఎట్ల ఇడుస్తడు?" ఆమె అతన్ని వింతగా చూసింది. "ఇడిస్తే నా మొగడు పోయి ఏట్ల పడ్తడు. రెండు చేతులకూ తాడు చుట్టుకొని కండ్లు మూసుకున్నడు. అరవలేదు. అరిస్తే కిందున్నోడు బెదురుతడని. నేను కర్రతోని కొట్టిన, రాళ్లతోని కొట్టిన. అది నా దిక్కే చూడలె. నొప్పికి పిచ్చిదయింది."

ఇప్పపూలను అరచేత్తో ఒక పక్కకు జరిపింది.

"తాడు ఊగుతున్నది. కింద నా మొగడు నవ్వుతున్నడు. 'ఏందిరో బామ్మర్ది, గంత ఊపుతున్నవ్? నీ అక్కకు మారుమనువు చూసినవా ఏంది?' అని ఒర్లుతున్నడు. నాకు ఇనవడుతున్నది. లింగనికి గూడ ఇనవడ్డదేమో. తెల్వదు."

ఇప్పపూలలోంచి ఇంకో పుల్ల ఏరి అవతల పడేసింది. "ఆయన ఎక్కొచ్చేసరికి గుడ్డెలుగు పక్కకు పడి ఉన్నది. నా రాయి తాకి చచ్చిందో, దానంతట అదే చచ్చిందో. లింగడు కూసున్నోడు కూసున్నట్టే ఉన్నడు. పానం లేదు. తాడు మాత్రం బిగ్గెనే ఉన్నది. ఏళ్లు ఒక్కొక్కటి ఇప్పి తీసినం. ఇగ నా మొగడు తేనెకు దిగలె. దిగుదామన్నా పట్టేటోడేడి? పన్నెండేండ్లు బతికిండు. గా పరాచికమాడినందుకు మనుసులతోని మాట్లాడుడే బందు వెట్టిండు."

"మరి మా వస్తాదు?"

"తొమ్మిదో దినం వచ్చిండు. రేవుకాడ ఇన్నడట. గీడనే, నువ్వు కూసున్న తావునే కూసున్నడు. అన్ని చెప్పిండు. ఎవరో దొర కొత్త తుపాకి తెచ్చి, దీని సత్తా చూపియ్యి అన్నడట. గా గట్టు నించి కొట్టిండు. గుడ్డెలుగు దొర్లింది. దొర చెయ్యి కలిపిండట. నేను ఒక్కటే అడిగిన. 'అది మళ్ల లేసుడు చూసినవా?' అన్న."

"ఏమన్నాడు?"

"చూసిన అన్నడు." ఆమె చాట ఒళ్లోకి తీసుకుంది. "లేదంటే నాకేం తెలుస్తుండె? అబద్ధమాడలేదు. గందుకే నీళ్లిచ్చిన. ఏడాదికోసారి వస్తుండె. ఇప్పుడు మోకాళ్లు పోయినయట గద, గందుకు పిల్లగాండ్లను తోలుతున్నడు. తూటాల సంగతి నాకు తెల్వదు బిడ్డా. పొద్దు వోతున్నది, ఇయ్యాల ఇక్కడనే పండు."

ఓబులేసు నాలుగో రోజు పొద్దు వాలే వేళకు మిద్దె చేరాడు. మర్నాడే శనివారం. దస్తగిరి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఈదమ్మ ఏమన్నదని అడగలేదు. అన్నం తిన్నావా అని మాత్రం అడిగాడు.

ఓబులేసు కాళ్లు కడుక్కుని, కంపెనీవాళ్ల కాగితం తీసుకుని వచ్చి ఆయన పక్కనే కూర్చున్నాడు. తూటా పేరు రాయవలసిన చోట ఏమీ రాయలేదు. కింద ఉన్న ఖాళీలో, పొద్దుగూకే లోపల నడిచి చేరలేని చోట ఉన్న జంతువును తాను కాల్చననీ, తన వెంట వచ్చినవాళ్లను కాల్చనివ్వననీ, దానికి ఒప్పుకుంటే ఏ రైఫిలు ఇచ్చినా పరవాలేదనీ రాశాడు. రాసి, ఒకసారి పైకి చదివాడు. అలా రాస్తే ఆ కొలువు రాదని అక్కడున్న ఇద్దరికీ తెలుసు.

ఓబులేసు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. నాలుగేళ్లలో ఆయన్ని ఎన్నో అడిగాడు గానీ ఇది అడగడానికి మాత్రం నోరు రాలేదు. చివరికి అడిగాడు.

"అది లేసి పోవడం చూసినారు గదా వస్తాద్. అప్పుడే ఎందుకు పోలేదు?"

ఆ ఒక్క ప్రశ్నకు మాత్రం దస్తగిరి ఏ పనీ అప్పగించలేదు. తన రెండు మోకాళ్ల మీదా చేతులు పెట్టుకుని, లోయ ఉన్న వైపు చూస్తూ అన్నాడు:

"గుండు ఆడికి పోయింది గదప్పా. నేను గూడా పోయినట్టే అనుకుంటి."