నూకరత్నం గాజు

అనగా అనగా, ఆకాశంలో విమానం మోత వినబడితే జనం ఎంగిలి చేత్తోనే వీధిలోకి పరిగెత్తే రోజుల్లో, సముద్రానికి కోసెడు దూరంలో గాలిపేట అని ఒక ఊరుండేది. ఏ సంవత్సరమని అడక్కండి. మా తాతకి తెలీదు, మా నాన్నకి తెలీదు, నాకసలే తెలీదు.

ఆ ఊరి పక్కన సైనికులు ఏదో యుద్ధానికని వేసిన పొడుగాటి సిమెంటు బాట ఒకటుంది. యుద్ధం అయిపోయింది, సైనికులు పోయారు, బాట మిగిలింది. ఊరివాళ్ళు దాని మీద మిరపకాయలు ఎండబెట్టుకునేవారు. ఏడాదికొకసారి, మామిడికాయ టెంక ముదిరే రోజుల్లో, మిరపకాయలు ఓ పక్కకి నెట్టేసి గాలి తీర్థం చేసేవారు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు చేత్తో చేసిన బుల్లి విమానాలు తెచ్చి ఎగరేసేవారు. ఎవరి విమానం ఎక్కువసేపు గాల్లో ఉంటే ఆ ఊరి పేరు ఏడాదంతా మోగేది.

బుల్లి విమానం ఎలా చేస్తారో చెప్పనా? తేలికపాటి చెక్కపుల్లలతో గూడు కడతారు. దాని మీద ఉల్లిపొర లాంటి కాగితం అంటిస్తారు. లోపల రబ్బరు తాడు మెలితిప్పి వదిలితే ముందున్న పంకా తిరుగుతుంది. అంతా బాగానే ఉంది గానీ, కాగితం వదులుగా ఉంటే విమానం లేవదు. అందుకని దాని మీద డోపు అని ఒక పూత వేస్తారు. అది ఆరుతూ ఆరుతూ కాగితాన్ని బిగలాగేస్తుంది. ఆరాక గోటితో కొడితే డప్పులా మోగాలి. ఆ డోపు ముగ్గిన అరటిపండు వాసనేస్తుంది. ఊళ్ళో విమానాలు చేసే షెడ్డు ముందునుంచి వెళ్ళే కొత్తవాళ్ళు గెల ఎక్కడ వేలాడుతోందా అని లోపలికి తొంగిచూసేవారట.

షెడ్డుకి పెద్ద గవర్రాజు మేష్టారు. బళ్ళో డ్రాయింగు చెప్పేవారు. చేతిలో పనితనముంది, మనసులో మంచితనముంది, చెవిలోకి మాత్రం మనిషి మాట దూరదు. ఆయన పూత వేసిన బ్రష్షులు కడిగే మనిషి నూకరత్నం. ఈ కథ ఆవిడదే.

నూకరత్నం మొగుడు సత్తియ్య, పడవలకి తారు పూసేవాడు. ఆవిడకి నగా లేదు నాణెమూ లేదు. కుడిచేతికి మూడు ఆకుపచ్చ మట్టిగాజులు, ఎడంచేతికి మూడు. కానీ ఊళ్ళో ఆవిడ చెయ్యి మంచిదని పేరు. పాలకి తోడెయ్యాలంటే నూకరత్నం. విత్తు నాటాలంటే నూకరత్నం. ఆవకాయ కలపాలంటే నూకరత్నం. పక్కింటి పోలమ్మయితే ఆవిడ వచ్చి చెయ్యి పెట్టేదాకా జాడీ మూత తీసేది కాదు.

ఇలా ఉండగా ఒక ఏడు డోపుకి కరువొచ్చింది. మేష్టారు ఊరూరూ తిరిగి మూడు సగం డబ్బాలు సంపాదించారు. ఒకదానిది ఎర్రమూత, ఒకదానిది నీలంమూత, ఒకదానిది పచ్చమూత. ఏవో మూడు కంపెనీలవి. మూడూ నీళ్ళలాగే తేటగా ఉన్నాయి. మూడూ అరటిపండు వాసనే వేశాయి. ఏ ఒక్కటీ విమానం మొత్తానికి చాలదు.

"వాసన ఒకటేగా," అని మేష్టారు ఎర్రమూతదీ నీలంమూతదీ కొంచెం కొంచెం ఒక పళ్ళెంలో ఒంపి కలిపేశారు.

మర్నాటికి రెక్కలు కాచిన పాల మీద మీగడలా ముడతలు పడిపోయాయి. మేష్టారు రెక్కనీ చూశారు, నూకరత్నాన్నీ చూశారు.

"బ్రష్షులో తడుంది, నూకరత్నం."

"లేదండి మేష్టారండి. ఎండలో ఆరబెట్టే ఇచ్చానండి. ఆ రెండు డబ్బాల్లోవీ ఒకదానికొకటి పడవండి. ఆ డబ్బాల్లో ముంచిన బ్రష్షులు రెండూ ఒక గిన్నెలో కడిగితే, గిన్నెలో పాలు విరిగినట్టు విరిగిపోతున్నాయండి."

"వాసన ఒకటేగా," అన్నారు మేష్టారు. అయిపోయింది.

కాగితం పీకి మళ్ళీ అంటించారు. ఈసారి పళ్ళెంలో నీలంమూతదీ పచ్చమూతదీ కొంచెం కొంచెం కలిపారు. మర్నాటికి రెక్కలు సున్నం కొట్టిన గోడలా తెల్లబడి, పెచ్చులూడాయి.

"బ్రష్షులో సబ్బుంది, నూకరత్నం."

"లేదండి మేష్టారండి. సబ్బు ముట్టుకోనే లేదండి. వాటికీ పడదండి."

"వాసన ఒకటేగా."

షెడ్డులో పుల్లలు చెక్కే అప్పన్న, మంచోడే గానీ నోరు ఊరుకోదు, "ఆవిడ చెయ్యి చెడ్డదైపోయినట్టుంది," అన్నాడు. మాట ఊరంతా తిరగడానికి ఎంతసేపండీ? తోడెయ్యడానికి పిలుపు ఆగిపోయింది. విత్తుకి పిలుపు ఆగిపోయింది. ఆఖరికి పోలమ్మ కూడా ఆవకాయకి ఇంకొకావిడని పిలుస్తానని అందరి దగ్గరా అనేసింది.

సత్తియ్య అన్నాడు, "పోనీ ఆ బ్రష్షుల పని మానెయ్యవే."

"మానేస్తే నా చెయ్యి చెడ్డదని నేనే ఒప్పుకున్నట్టు కాదా మావా," అంది నూకరత్నం.

తీర్థం ఇంక రెండు రోజులుంది. ఒక్కసారి అంటించడానికి సరిపడా కాగితమే మిగిలింది. అది అంటించి, మేష్టారు మూడు డబ్బాల్లో మిగిలిందంతా ఒక్క పళ్ళెంలో కలపడానికి సిద్ధమయ్యారు. నూకరత్నం వెళ్ళి ఆ పళ్ళేనికి అడ్డంగా నిలబడింది.

"ఒక్క ఎండ ఆగండి మేష్టారండి. ఏది దేనికి పడుతుందో నన్ను చూడనివ్వండి."

"చూసినా చెడిందనుకో?"

"అప్పుడు నా చెయ్యే చెడ్డదండి. నా ఇంట్లో ఆవకాయ కూడా నేను కలుపుకోనండి."

అది ఎంత పెద్ద మాటో మేష్టారికి తెలుసు. పళ్ళెం కింద పెట్టారు.

కాగితం ముక్క బల్ల మీద పరిచి పూస్తే ఏం తెలుస్తుంది? బిగిస్తేనే కదా దాని గుణం తెలిసేది. బిగించడానికి చట్రం కావాలి. నూకరత్నం చుట్టూ చూసింది. తర్వాత ఎడంచేతికి సబ్బునురగ రాసుకుని, మూడు గాజులూ ఒక్కొక్కటే బయటికి లాగింది.

అప్పుడే అటువచ్చిన పోలమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. "ఇదేం పనే. ముత్తైదువవి, చెయ్యి బోసిగా పెట్టుకుంటావా? మొగుడికేమన్నా అయితేనో?"

"మొగుడున్నాడు కాబట్టే తియ్యడానికి గాజులున్నాయి వదినా. గాజులకి బదులు ఓ పసుపుతాడు ఇలా కట్టు," అని బోసి చెయ్యి చాపింది. పోలమ్మ గొణుక్కుంటూనే కట్టింది.

నూకరత్నం చేతులు శుభ్రంగా కడుక్కుంది. చిత్తు కాగితాలు ఏరి మూడు గాజులకీ అంటించింది. మూడు బుల్లి డప్పులు తయారయ్యాయి. ఒకదానికి ఎర్రమూతదీ నీలంమూతదీ కలిపి పూసింది. ఒకదానికి నీలంమూతదీ పచ్చమూతదీ. మూడోదానికి ఇంతవరకూ ఎవరూ కలపని జత, ఎర్రమూతదీ పచ్చమూతదీ. మూడూ తీసుకెళ్ళి ఎండలో మేకులకి తగిలించి, పక్కన కూచుంది.

మేష్టారికి కాళ్ళు నిలవ్వు. "అయిందా?"

"పప్పు ఉడకనివ్వండి."

కాసేపాగి, "అయిందా?"

"పప్పు ఉడకనివ్వండి."

మళ్ళీ, "అయిందా?"

"ఏ ఇంట్లోనైనా ఇన్నిసార్లు మూత తీస్తే పప్పు ఉడుకుతుందాండి?" అంది. అప్పన్న నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు.

ఎండ గుమ్మం దిగాక ఆవిడ లేచింది. మొదటి గాజు మీద కాగితం ముడతలు పడింది. రెండో గాజు మీద సున్నంలా తెల్లబడింది. మూడో గాజు తీసుకెళ్ళి మేష్టారి చెవి దగ్గర పెట్టి గోటితో కొట్టింది.

టంగుమంది.

ఆ చెవిలోకి మనిషి మాట దూరదన్నానా? గాజు మాట దూరింది. మేష్టారు ఆ గాజు చేతిలోకి తీసుకుని తనే మూడుసార్లు కొట్టి విన్నారు.

"నూకరత్నం," అన్నారు మెల్లిగా, "నీ బ్రష్షులో తడీ లేదు, సబ్బూ లేదు. నా బుర్రలోనే గుజ్జు లేదు."

నీలంమూత డబ్బాని అవతల పెట్టేసి, ఎర్రమూతదీ పచ్చమూతదీ కలిపి పూశారు. రెక్క డప్పులా బిగిసింది. తీర్థం నాడు ఆ విమానం లేచిందీ, తాటిచెట్లు దాటింది, ఆరేసిన వలలు దాటింది, చూసేవాళ్ళ మెడలు పట్టేసినా దిగలేదు. ఆఖరికి తిరిగి తిరిగి వచ్చి పోలమ్మ మిరపకాయల రాశి మీద వాలింది. మేష్టారు అక్కడే అందరి ముందూ, "ఇది నూకరత్నం చెయ్యి," అన్నారు. ముందుగా చప్పట్లు కొట్టింది అప్పన్న.

పోలమ్మ విమానం తీసి ఇస్తూ అడిగింది, "రేపు ఆవకాయకి మామిడికాయలు కొడుతున్నాం. కలపడానికొస్తావా?"

"చెయ్యి బోసిగా ఉంది కదా వదినా."

"ఆ చేత్తోనే కలుపు."

ఆ తర్వాత కొత్త డబ్బా వచ్చినప్పుడల్లా నూకరత్నం కుడిచేతి గాజు ఒకటి మేకుకి ఎక్కేది. ఆ చేతికి మళ్ళీ కొత్తది వేసుకునేది గానీ, ఎడంచేతికి ఎప్పుడూ ఆ పసుపుతాడే. అలాగే ముసలిదైంది. ఒకరోజు, బ్రష్షులన్నీ కడిగి ఆరబెట్టాక, మొగుడికంటే ముందే వెళ్ళిపోయింది.

పసుపు రాశారు, కుంకుమ పెట్టారు. సత్తియ్య ఆ ఎడంచెయ్యి తన చేతిలో పెట్టుకుని, "దీన్ని ఇలా బోసిగా పంపను," అన్నాడు.

గవర్రాజు మేష్టారు అప్పటికి కర్ర పట్టుకుని నడుస్తున్నారు. షెడ్డుకెళ్ళి ఆ మొదటి మూడు గాజులూ మేకుల నుంచి దింపారు. జన్మలో ఒక్క బ్రష్షు కడగని మనిషి, కింద కూచుని గాజులు కడిగారు. ముడతలు పడ్డదాని కాగితం ఒలిచారు. తెల్లబడ్డదాని కాగితం ఒలిచారు. మూడోదాన్ని గోటితో కొట్టి చూశారు. ఇంకా మోగుతోంది. దాన్ని చింపడానికి ఆయనకి చేతులు రాలేదు.

రెండు గాజులే తెచ్చారు. పోలమ్మ వాటిని తొడిగి, మూడోదానికి బదులు తన చేతి గాజు తీసి తొడిగింది.

ఆ మోగే గాజు ఇప్పటికీ షెడ్డు గుమ్మానికి వేలాడుతోందంటారు. ఇప్పటికీ ఆ చుట్టుపక్కల ఎవరు బుల్లి విమానం చేసినా, రెండు డబ్బాల డోపు కలిపేముందు ఇంట్లో ఆడవాళ్ళని ఒక గాజు అడుగుతారు. కాగితం కట్టి, పూసి, ఎండలో పెడతారు. పప్పు ఉడికేదాకా ఎవరూ "అయిందా" అనరు. ఆరాక గోటితో కొట్టి, నూకరత్నాన్ని తలుచుకుని, "పిన్నీ, పడిందా?" అని అడుగుతారు. టంగుమంటే అందరూ కలిసి "చెయ్యి మంచిది" అంటారు. అప్పుడే రెక్క మీద బ్రష్షు పెడతారు.

కంగారుగా పెళ్ళి సంబంధం ఖాయం చేసేవాళ్ళని చూసినా ఆ ఊళ్ళో అదే మాట: "ముందు ఒక గాజు ఆరబెట్టండి."

ఇదండీ కథ. నేను పూత వేసేశాను. ఆరాక మీరే గోటితో కొట్టి చూసుకోండి.