ఆగని యుద్ధభేరి

యుద్ధభేరి మోగినంతకాలం సభను అడక్కుండానే రాజు ఏ ఆజ్ఞయినా ఇవ్వొచ్చన్నది ఆ రాజ్యపు కట్టుబాటు. శత్రువు పారిపోయి ఏళ్ళు గడిచినా రణకేసరి మహారాజు భేరి ఆపనిస్తే కదా! సభలో పెద్దలు నోళ్ళు కుట్టుకుని కూర్చునేవారు.

ఒకనాడు గానుగ ఆడించుకునే గవరమ్మ ఎద్దును భటులు "యుద్ధానికి" అంటూ తోలుకుపోయి, రాణిగారి షికారు బండికి కట్టారు. ఆ ఎద్దు లేకపోతే గవరమ్మ ఇంట పొయ్యి వెలగదు. ఒళ్ళు మండి, మంగలిని వెంటబెట్టుకుని సభకొచ్చింది.

"ప్రభూ, యుద్ధం ఇంకా జరుగుతోందా?"

"భేరి వినబడటం లేదూ? భీకరంగా జరుగుతోంది!"

"మరి తమరిక్కడ దిండ్లకు ఆనుకుని తాంబూలం నములుతున్నారేం? యుద్ధం వదిలి ఇంటిపట్టున దొరికితే, ఎవరైనా సరే, గుండు గీసి గాడిదెక్కించమని తమరేగా చాటించారు! మంగలి వచ్చాడు. గాడిద గుమ్మంలో ఉంది."

ఆ శిక్ష రుచి చూసిన భటులు రాజుగారి జుట్టు వంక ఆశగా చూశారు.

రాజు కిరీటాన్ని రెండు చేతులా అదిమిపట్టుకున్నాడు. "యుద్ధం అయిపోయింది! ఎప్పుడో అయిపోయింది! ఆపండ్రా ఆ భేరి!"

భేరి ఆగింది. గవరమ్మ సభ వైపు తిరిగింది.

"విన్నారుగా అయ్యల్లారా? ఇక మీరు నోళ్ళు తెరవొచ్చు. ముందు నా ఎద్దు సంగతి అడగండి."