నక్కా శేషారత్నం గారి క్యారేజీ

పిడుదూ పిడుదూ ఎవరింటిదానివే?
గేదింట మెట్టాను, గేదింటిదాన్నే...

ఆ తర్వాతి మాట వెంగమాంబకు ఎంతకీ గుర్తురాలేదు. చిన్నప్పుడు గేదె చెవుల్లో పిడుదులు ఏరుతూ వాళ్ళమ్మమ్మ పాడేది. ఇప్పుడా పిల్ల పశువైద్య కళాశాలలో పరిశోధన చేస్తోంది. పిడుదుల కడుపులో కాపురముండే బాక్టీరియాల పుట్టుపూర్వోత్తరాలు చదవడం ఆమె పని. చదవడమంటే నిజంగా చదవడమే! వాటి జన్యుక్రమమంతా నాలుగే నాలుగు అక్షరాలట. అవే అటూ ఇటూ మారి లక్షలసార్లు వస్తాయట. ఎంత విడ్డూరం! పైగా ఆ సూక్ష్మజీవులకూ మనలాగే ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక.

ఆ రోజు వెంగమాంబ కాళ్ళు నేలమీద లేవు. గేదె పిడుదులో దొరికిన ఓ బాక్టీరియా, ఆమె గీసిన వంశవృక్షంలో ఎవరికీ అంటకుండా ఒంటికొమ్మన నిలబడింది.

"మేడం! దీనికి చుట్టమన్నవాళ్ళే లేరు. కొత్త వంశం! ఇంటిపేరు కూడా నేనే పెడతా. సాయంత్రం పత్రికకి పంపేస్తున్నా."

పరిశోధన చేయించే తాళ్ళూరి మేడం కళ్ళజోడు సవరించుకున్నారు. "ఎవరెవరితో పోల్చావే?"

"గేదె పిడుదుల్లో దొరికినవాటన్నిటితోనూ."

మేడం బల్లకింద నుంచి క్యారేజీ తీసి చేతికిచ్చారు.

"ముందు ఇది నక్కా శేషారత్నం గారికి ఇచ్చి రా. ఈ కాలేజీలోనే ఉంటారు. పాపం, ఆకలిమీదున్నారు."

ఎర్రటి ఎండ. క్యారేజీలోంచి గోంగూర వాసన. స్టోర్సులో నక్కా ప్రసాదు గారిని అడిగితే, "మావాళ్ళలో ఆ పేరుగలావిడ లేదమ్మా" అన్నాడు. హాస్టల్లో ఉన్న నక్కావారి పిల్ల పెదవి విరిచింది. గేటు దగ్గర వాచ్‌మన్ అయితే, "నక్కలా? నేనుండగా లోపలికెట్టొస్తాయమ్మా!" అని కర్ర తీశాడు.

వెంగమాంబ చెమటలు కక్కుతూ తిరిగొచ్చింది. "అలాంటావిడ ఈ కాలేజీలోనే లేరు మేడం. నక్కావాళ్ళందర్నీ అడిగాను."

మేడం క్యారేజీ అందుకుని, మూత తీసి, అన్నంలో గోంగూర కలిపి మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నారు.

"అయ్యో మేడం, అది శేషారత్నం గారిది!"

"అవునే. నక్కావారు మా పుట్టింటివాళ్ళు."

వెంగమాంబ తలుపు మీది బోర్డు చూసింది. టి. ఎస్. రత్నం. రోజూ చూసే బోర్డే. ఫక్కున నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే, ఎక్కణ్ణుంచో అమ్మమ్మ గొంతు:

ఎవరింట పుట్టానో ఎవరడిగారే?

నవ్వు ఆగిపోయింది. మరుక్షణం పిల్ల కంప్యూటరు దగ్గరికి పరుగు. పత్రికకి పంపడం మానేసి, మేకల పిడుదుల్లోవాటినీ, కుక్కల పిడుదుల్లోవాటినీ, అడవి లేళ్ళ పిడుదుల్లోవాటినీ పేరంటానికి పిలిచినట్టు పిలిచి మళ్ళీ వంశవృక్షం గీసింది.

మర్నాడు తలుపైనా తట్టకుండా వచ్చిపడింది.

"దొరికారు మేడం! లేళ్ళ పిడుదుల్లో ఉన్నారు దీని పుట్టింటివాళ్ళు! అక్కచెల్లెళ్ళ మధ్య ఎంత బాగా కూర్చుందో! అయినా అచ్చం ఎవరిలానూ లేదు, దాని తీరు దానిదే." అని, కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "నా కొత్త వంశం మాత్రం పోయింది."

మేడం ఆ చిన్న కొమ్మని వేలితో నిమిరారు.

"ఇంటిపేరు దొరికిందిగా. ఇక బారసాల చెయ్యి."