నీళ్లు పోసిన బిళ్ల

పందెపు రథాలను పట్టి ఆపే ఇనుప బిళ్లలు చేసేవాడు కమ్మరి పోలయ్య. అతని కొడుకు నడిపిన రథం వాలులో బిళ్ల పగిలి ఆగలేదు. కొడుకు పోయాడు.

పరుగులో ఎర్రగా కాలిన బిళ్లను మెల్లగా చల్లారనివ్వాలి. ఆ రోజు ముందటి పరుగు కాగానే రథాధికారి వీరమల్లుడు తొందరపడి దానిమీద నీళ్లు పోయించాడు. పైగా విచారణలో రాజు ముందు, "నీళ్లకు ఇనుము పగులుతుందా? నీ కొడుక్కి తోలడం రాదు!" అన్నాడు.

పోలయ్య అక్కడే ఒక బిళ్లను కాల్చి, నీళ్లు పోసి, రథానికి బిగించాడు.

"ఎక్కండి దొరా. ఆ వాలులోనే ఒక్కసారి దిగి రండి. తప్పు నా కొడుకుదేనని ఒప్పుకుంటాను."

వీరమల్లుడు రథం మీద పెట్టిన కాలు వెనక్కి తీసుకున్నాడు.

"తప్పెవరిదో తేలింది," అన్నాడు రాజు.

పోలయ్య వీరమల్లుడి వైపు తిరిగాడు. "మీ ప్రాణం మీదున్న భయంలో రవ్వంత నా బిడ్డ మీద ఉంటే, వాడు బతికేవాడు కదయ్యా!"