గట్టు మీద చోటు

పిల్లేరు పెద్ద ఏరేం కాదు. వానాకాలంలో ఒడ్లు ఒరుసుకుని పారేది. శివరాత్రి దాటగానే సన్నగిల్లేది. ఎండలు ముదిరేసరికి ఇసకలోకి ఇంకిపోయేది. అప్పుడా లోయలోని లేళ్ళూ కుందేళ్ళూ అడవిపందులూ అన్నీ ముళ్ళపంది సూరమ్మ గోళ్ళ మీద ఆధారపడి బతికేవి. ఏటి ఇసకలో ఊట ఎక్కడుందో ఆమె వాసన పట్టి చెలమ తవ్వేది. నీళ్ళూరగానే ముందు పిల్లతల్లుల్ని పిలిచేది.

ఒక ఏడు చెలమలూ ఎండాయి. గోళ్ళు నెత్తురు కారేదాకా తవ్వినా సూరమ్మకు తడి తగల్లేదు. ఆ ఏడే అడవిదున్న కొండన్న కూతురు, ఇంకా కొమ్ములు మొలవని దూడ, తండ్రి కాళ్ళ దగ్గర నాలుక వెళ్ళబెట్టి కూలిపోయింది. కొండంత ఒళ్ళుండి ఏం లాభం? బిడ్డ నోట్లో గుక్కెడు నీళ్ళు పొయ్యలేకపోయాడు. మూడు బారల దూరం కూడా కదలకుండా ఆ దూడ పక్కనే నిలబడిపోతే, సూరమ్మే వచ్చి గొయ్యి తవ్వి మట్టి కప్పింది.

తొలకరి ఇంకా పడకముందు నక్క పాపయ్య అందర్నీ మద్దిచెట్టు కింద కూడేశాడు.

"ఏటా ఇదే ఏడుపు. దీనికి మందు లేదనుకున్నారా? రెండు కొండల నడుమ ఏరు ఇరుకవుతుంది చూడండి, అక్కడ బండలు పేర్చి కట్ట వేద్దాం. పారిపోయే నీళ్ళు నిలబడతాయి. ఎండాకాలమైనా నిండుకుండలా ఉంటుంది."

తాబేలు తిమ్మవ్వ మెడ బయటికి చాపింది. "ఎందుకురా ఈ ఆరాటం? ఎండ వస్తుంది, పోతుంది. వాన వస్తుంది, పోతుంది. కాలం తిరుగుతూనే ఉంటుంది. మనం ఓపిక పట్టాలి."

"తిరగడమా, నా బొంద!" అని గుర్రుమన్నాడు ముసలి అడవిపంది. "మా తాతలనాడు ఈ ఏరు ఎండిందే లేదట. మంచి రోజులన్నీ ఎప్పుడో అయిపోయాయి. రోజురోజుకీ దిగజారడమే తప్ప బాగుపడేది లేదు."

పాపయ్య నవ్వలేదు. కొండన్న వైపు తిరిగి మెల్లగా అన్నాడు. "కాలం తిరుగుతుందంటోంది అవ్వ. తిరిగేదే అయితే మా కొండన్న మావ దూడ తిరిగి రావాలిగా? రాదు. కాలం ముందుకే పోతుంది. దానితో నడిచినవాళ్ళే బతుకుతారు."

ఆ మాట కొండన్న గుండెలో దిగబడింది. "బండలు నేను దొర్లిస్తాను" అన్నాడు.

చిక్కల్లా ఒక్కటే. కట్ట పడితే లోయ అడుగు మునిగిపోతుంది. సూరమ్మ బొరియలు అక్కడే ఉన్నాయి. ఆమె అమ్మమ్మ తవ్వినవి, అమ్మ పెంచినవి. చుట్టూ మెత్తటి మట్టి, తవ్వినచోటల్లా దుంపలు.

"పదిమంది బాగు కోసం ఒకరు కాస్త సర్దుకోవాలి" అన్నాడు పాపయ్య. "కట్ట గట్టు మీద కొత్త మట్టి పోస్తాం. అక్కడ సూరమ్మకు చోటిద్దాం. నీళ్ళ పక్కనే ఉంటుంది, రాణిలా! అయితే మావా, నా మాట ఆమె నమ్మదు. నువ్వు చెప్తే నమ్ముతుంది."

కొండన్న వెళ్ళి చెప్పాడు. సూరమ్మ చాలాసేపు తన బొరియ ముఖద్వారం దగ్గర మట్టి సర్దుతూ కూర్చుంది.

"నాకు భయంగా ఉంది తమ్ముడూ. ఈ నేల తప్ప నాకు ఇంకోటి తెలీదు."

"నా దూడలాంటివి ఇంకెన్ని పోవాలక్కా? గట్టు మీద చోటు నీదే. నేను మాటిస్తున్నాను."

"నీ దూడ పేరు చెప్పాక నేనేం మాట్లాడను?" అంటూ సూరమ్మ లేచింది.

కొండన్న పనిలోకి దిగాడు. కొమ్ములతో బండలు నెట్టాడు. మెడ ఒరుసుకుపోయి పుండ్లు పడ్డా ఆగలేదు. అడవిపందులు బురద మెత్తాయి, కోతులు కొమ్మలు విరిచి సందుల్లో దోపాయి. వానలు పడ్డాయి. నీళ్ళు కట్టకు ఆనుకుని పైకి పైకి లేచాయి. సూరమ్మ కొండచరియ మీద నిలబడి తన బొరియల్లోంచి బుడగలు రావడం చూసింది. బుడగలు ఆగిపోయేదాకా చూసి అటు తిరిగింది.

అబద్ధమెందుకు, మరుసటి ఎండాకాలం ఆ అడవిలో ఒక్క కూన కూడా దప్పికతో చావలేదు. లేడి చంద్రి కవలల్ని కంది. కొండన్న నీళ్ళలో ఆడుతున్న పిల్లల్ని చూసి, చాలాకాలం తర్వాత కడుపునిండా గడ్డి మేశాడు.

గట్టు మట్టి గట్టిపడేదాకా కొండచరియ మీదే తలదాచుకున్న సూరమ్మ అప్పుడు గట్టు దగ్గరికొచ్చింది. అప్పటికే పాపయ్య, అతని బావమరుదులు అక్కడ కాపురం పెట్టారు. రెండు పక్కలా నిటారు కొండలే కాబట్టి నీళ్ళ దగ్గరికి దిగడానికి ఒక్కటే రేవు మిగిలింది. చిన్న జంతువులన్నీ వాళ్ళ ముక్కు కిందనుంచే దిగాలి. నోటి దగ్గరికే కూడొచ్చినట్టయింది నక్కలకు.

"నా చోటేదీ?" అంది సూరమ్మ.

పాపయ్య ఆశ్చర్యపోయినట్టు ముఖం పెట్టాడు. "ముళ్ళపందివి కదమ్మా, ఊరికే ఉంటావా? తవ్వుతావు. గట్టు తవ్వితే కట్ట తెగుతుంది, అడవంతా కొట్టుకుపోతుంది. తవ్వేవాళ్ళెవరూ గట్టు మీద ఉండకూడదు. ఇది అందరి మంచికీ పెట్టిన కట్టుబాటు."

కొండన్న కొమ్ములు దించి వచ్చాడు. "ఆమె తవ్వుతుందని నీకు ముందే తెలీదా?"

"తెలుసు."

"మరి మాటెందుకిచ్చావు?"

"నేనెక్కడిచ్చాను మావా? ఇచ్చింది నువ్వు." పాపయ్య తోక ఊపుకుంటూ పోయాడు. ఏరు దాటాక తెప్ప తగలేయడమంటే అదే. మాటిచ్చింది తనేనన్నదాంట్లో కొండన్నకు తప్పొక్కటి కూడా దొరకలేదు.

సూరమ్మ అతన్ని ఒక్క మాట కూడా అనలేదు. తిట్టినా బాగుండేది. రాతికొండ ఎక్కింది. అక్కడ గోరు దిగే నేల లేదు. బండసందుల్లో తలదాచుకుంది. దుంపల కోసం గీకీ గీకీ గోళ్ళు మొద్దుబారిపోయాయి. గట్టు కింద ఏరు ఎప్పుడో ఎండింది కాబట్టి చెలమకూ ఆశ లేదు. దప్పికైతే అంత దూరం దిగి రేవుకే రావాలి.

కొండన్న మొదట్లో కొండ దాకా వెళ్ళి పలకరించేవాడు. ఆమె ముఖం చూసే ధైర్యం చాలక తర్వాత మానేశాడు. ఒక మిట్టమధ్యాహ్నం తిమ్మవ్వ పాక్కుంటూ వచ్చి చెప్పింది. "సూరమ్మ దారిలోనే పడిపోయిందిరా. తల రేవు వైపే ఉంది."

కొండన్న వెళ్ళేసరికి ఆమె ముళ్ళన్నీ నేలకు వాలి ఉన్నాయి. పూడ్చడానికి అతనికి గోళ్ళు లేవు. గిట్టలతో రాళ్ళు నెట్టి కప్పాడు.

పాపయ్య మళ్ళీ అందర్నీ కూడేశాడు. "సూరమ్మ త్యాగమూర్తి! మనందరి రేపటి కోసం తన నేలను ఇచ్చేసింది" అని కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇవ్వలేదు. తీసుకున్నాం" అన్నాడు కొండన్న. "త్యాగం ఆమె చెయ్యలేదు. మనం చేయించాం. దానికి నోరు నాది, తెలివి నీది, నీళ్ళు మనందరివీ."

కొండన్న తిన్నగా కట్ట దగ్గరికి నడిచి, తను పేర్చిన మొదటి బండకే కొమ్ము ఆనించాడు. ఒక్క ఊపు ఊపితే చాలు. లేడి చంద్రి పరుగెత్తుకొచ్చి అడ్డం నిలబడింది.

"పెదనాన్నా, వద్దు! గట్టు కింద ఎండిన ఏట్లో కుందేళ్ళు కాపురాలు పెట్టుకున్నాయి. అన్నీ కొట్టుకుపోతాయి. నా పిల్లలకు ఈ నీళ్ళు తప్ప వేరే తెలీదు. కట్ట తెంచితే సూరమ్మత్త వస్తుందా?"

కొండన్న కొమ్ము తీసేశాడు. మునిగిన బొరియలు ఎండినా, వాటిలోకి తిరిగొచ్చేవాళ్ళు లేరు. ఆనాటి నుంచి పగలంతా రేవు దగ్గరే నిలబడేవాడు. అతనున్నంతసేపు నక్కలు దూరంగా ఉండేవి, చిన్నవి భయం లేకుండా తాగి వెళ్ళేవి. వాటిలో ఏ ఒక్కటీ ఈ నీటి అడుగున ఎవరి ఇల్లుందని అడగలేదు.

పొద్దువాలాక అందరూ వెళ్ళిపోయింతర్వాత కొండన్న కూడా మూతి వంచి తాగేవాడు. బతికున్నవాడు తాగక తప్పదు. ఆ నీళ్ళు తియ్యగా ఉండేవి. చేదుగా ఉన్నా బాగుండుననుకుని ఏడ్చేవాడు.

నీతి: ముందడుగు వేసేవాడు దూరం ఒక్కటే చూస్తే చాలదు, పాదం ఎవరి మీద పడుతోందో కూడా చూసుకోవాలి.