పుల్లమ్మవ్వకు దొరికిన సెలవు

ఊరు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఒక వాగు ఉంది. ఎండాకాలంలో వాగంతా ఎండినా పెద్ద బండ పక్కన మడుగు ఒక్కటి మిగులుతుంది. ఊరి మేకలూ గేదెలూ, అడవి కుందేళ్ళూ నక్కలూ అందరూ తాగేది ఆ నీళ్ళే. అంతమంది ఒకచోట తాగితే తగాదాలు రాకుండా ఉంటాయా? వాటిని తీర్చడానికి ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. విచారణ రోజు తెల్లవారుతుండగా మడుగు దగ్గరికి ముందుగా వచ్చి నీళ్ళు తాగిన అయిదుగురే తీర్పరులు. ఎవరు ఎక్కడ తాగితే అక్కడే కూర్చోవాలి. అయిదుగురూ ఒక్క మాట మీదికి వచ్చేదాకా లేవకూడదు.

కట్టుబాటు బాగానే ఉంది, చిక్కల్లా ముసలివాళ్ళకే. వాళ్ళకు నిద్ర తక్కువ, అందరికంటే ముందు లేచి నీళ్ళకు వస్తారు. పుల్లమ్మ అనే ముసలి గేదె ప్రతి తగువులోనూ దొరికిపోయేది.

"నా మోకాళ్ళు పట్టుకుపోయినాయి నాయినా. మీ గడ్డి తగాదాలు వినీ వినీ చెవులు తుప్పు పట్టినాయి" అని గొణిగేది. ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు.

అట్లాంటిది ఒకరోజు నక్క బండెక్కి కళ్ళు తుడుచుకుంది.

"పుల్లమ్మవ్వను చూస్తే నా కడుపు తరుక్కుపోతా ఉంది. ముసలోళ్ళకు ఈ తీర్పుల పని నుంచి సెలవిద్దాం. పాలిచ్చే తల్లులకిద్దాం, గుడ్లు పొదిగే పిట్టలకిద్దాం, కాలు కుంటైనోళ్ళకిద్దాం."

అందరూ సరేనన్నారు. నిజం చెప్పొద్దూ, మాట మంచిదే. ఎప్పుడో ఎవరో అనాల్సిన మాట. కాకపోతే నక్కకు ఆ జాలి ఆ పూటే ఎందుకు పుట్టుకొచ్చిందని ఎవరైనా అడగాల్సింది, అడగలేదు.

అంతకు ముందురోజే కౌజుపిట్ట గూట్లో గుడ్లన్నీ పోయాయి. ఉడుమే తిన్నదని నక్క ఫిర్యాదు చేసింది. ఉడుముకు గుడ్లంటే ఇష్టమని అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ మారు మాట్లాడలేదు. నేరం తేలితే వానలు పడేదాకా మడుగు ఛాయలకు రాకూడదని శిక్ష కూడా నక్కే అడిగింది. చుట్టుపక్కల ఇంకెక్కడా చుక్క నీరు లేదు. ఉడుముకు అది చావు కిందే లెక్క.

ఇక సెలవు సంగతి పాకగానే అడవిలో సగం మందికి ముసలితనం వచ్చేసింది.

"ఇంత గడ్డముంది చూడండప్పా, నేను తాతనే" అంది మొన్ననే కొమ్ములొచ్చిన మేకపోతు.

"నా ఒళ్ళంతా నెరిసిపోయింది" అంది కొంగ.

"నువ్వు పుట్టడమే తెల్లగా పుట్టావు కదే!" అంది మేకపోతు.

"అదే చెప్తాండా. నేను పుట్టిందే ముసలిదాన్నిగా."

కుందేలు కుంటడం మొదలుపెట్టింది. ఏ కాలో గుర్తుండక రోజుకొక కాలు కుంటేది. నక్క ఎవరినీ కాదనలేదు.

"మీకెందుకు శ్రమ? మా మేనల్లుళ్ళు అయిదుగురూ ఖాళీగానే ఉండారు. కుర్రోళ్ళు, వాళ్ళు చూసుకుంటారులే" అంది.

పుల్లమ్మకు మాత్రం ఆ సెలవు నిజంగానే కావాలి. హాయిగా గడ్డిలో పడుకుని నెమరేసుకుంటుంటే, విచారణకు ముందు సాయంత్రం ఉడుము వచ్చి దూరంగా నిలబడింది.

"అవ్వా, రేపు వస్తావా?"

"నాకు సెలవిచ్చినారు గదమ్మా. మోకాళ్ళు చూడు, ఎట్లా వాచినాయో."

"నేను గుడ్లు తినేదాన్నే అవ్వా. దొరికితే రేపు కూడా తింటా. కానీ ఆ కౌజు గుడ్లు నేను ముట్టలేదు."

"నీ మాట నమ్మేదెట్లా?"

"నమ్మొద్దులే. వింటే చాలు. ఆ అయిదుగురూ వినను కూడా వినరు."

ఉడుము వెళ్ళిపోయాక చాలాసేపు పుల్లమ్మకు నెమరు సాగలేదు.

మర్నాడు తెల్లారేసరికి నక్క మేనల్లుళ్ళు ఆవులిస్తూ బండ మీదికి వచ్చారు. అప్పటికే మడుగు మధ్యలో మెడదాకా మునిగి పుల్లమ్మ నీళ్ళు తాగుతోంది. నక్క గతుక్కుమంది.

"అవ్వా! నీకు సెలవు గదా! పోయి పడుకో."

"ఆ సెలవు ఎవరిదిరా?"

"నీదే."

"నాదైతే నాకిష్టమైనప్పుడు వాడుకుంటా. ఈ పొద్దు నాకొద్దు."

నక్క సభ వైపు చూసింది. "అవ్వ సెలవు అవ్వ ఇష్టమే గదప్పా" అంది దూడకు పాలిస్తున్న ఆవు. అందరూ తలలూపారు. అయిదో మేనల్లుడు బతుకు జీవుడా అని ఇంటికి పోయాడు. మిగిలిన నలుగురూ బండ అంచున నాలుగు గుక్కలు తాగి అక్కడే చతికిలబడ్డారు.

"ఉడుమే తినింది. అయిపోయె, పోదాం పదండి" అన్నారు.

"ఉడుము ఏమంటాదో వినాల గదా" అంది పుల్లమ్మ.

ఉడుము చెప్పింది. కౌజుపిట్ట కూడా ఏడుస్తూ, తాను గింజలు ఏరుకుని వచ్చేసరికి గూడు ఖాళీగా ఉందనీ, ఎవర్నీ చూడలేదనీ చెప్పింది.

"నువ్వు చూసినావా?" అని పుల్లమ్మ నక్కను అడిగింది.

"చూసేదేముందవ్వా? గుడ్లు తినేది ఉడుము గాక ఇంకెవరు?"

"అయితే నాకింకా తేలలేదు" అని పుల్లమ్మ నీళ్ళలో కళ్ళు మూసుకుంది.

ఎండెక్కింది. గేదెకు మడుగులో ఉండడం పండగే. బండ మాత్రం పెనంలా కాలుతోంది. నక్క మేనల్లుళ్ళు ఒక పిర్ర మీంచి ఇంకో పిర్ర మీదికి మారుతున్నారు.

"అవ్వా, తేలిందా?"

"ఆలోచిస్తాండా."

"ఇంకెంతసేపవ్వా?"

"ముసలి బుర్ర గదా నాయినా. నిదానంగా నడుస్తాది."

"కొంచెం ఓపిక పట్టండ్రా అల్లుళ్ళూ!" అని నక్క తుమ్మచెట్టు నీడలోంచి కేకేసింది.

చిన్న మేనల్లుడికి ఒళ్ళు మండిపోయింది. "నీడలో కూర్చుని ఎన్నైనా చెప్తావు మామా! గుడ్లేమో నువ్వొక్కడివే మింగితివి, మాకొక్కటన్నా పెట్టలేదు. కాలేది మాత్రం మా పిర్రలా?"

సభంతా నక్క వైపు తిరిగింది.

"ఎండకు వాడికి పిచ్చెక్కింది!" అంది నక్క.

"పిచ్చేం లేదు, పెంకులింకా నీ బొక్క ముందరే ఉండాయి" అన్నాడు రెండోవాడు.

కాకి ఎగిరిపోయి ఒక పెంకు ముక్క తెచ్చి బండ మీద పడేసింది. కౌజుపిట్ట దాన్ని గుర్తుపట్టి బావురుమంది.

పుల్లమ్మ కళ్ళు తెరిచింది. "నాకు తేలింది. మీకో?"

"తేలింది, తేలింది!" అంటూ నలుగురూ నీళ్ళలో దూకారు.

నక్క అడిగిన శిక్షే నక్కకు పడింది. అయితే పుల్లమ్మ దాన్ని కాస్త సవరించింది. "నీళ్ళు లేకుండా చంపేది తీర్పు కాదు. అందరూ తాగిపోయినాక, ఆఖర్న వచ్చి తాగు" అంది.

కౌజుపిట్ట ఉడుము దగ్గరికి వెళ్ళింది. "నిన్ను అనుమానించినా, ఏమనుకోవద్దక్కా. అయినా నా గూటికి కాస్త ఎడంగానే ఉండు."

"అదీ న్యాయమే" అంది ఉడుము.

సెలవు కట్టుబాటును సభ తీసెయ్యలేదు. కావాలన్నవాళ్ళకు ఇస్తారు, వస్తామన్నవాళ్ళకు చోటు చూపిస్తారు. తాతకు పిల్లనెట్లా ఇస్తామని పెళ్ళివారు వెనక్కి పోవడంతో మేకపోతు అందరికంటే ముందొచ్చి, తాను కుర్రవాణ్ణేనని గడ్డం మీద ఒట్టేసింది. కుందేలు నాలుగు కాళ్ళమీదా గెంతుతూ వచ్చింది. కొంగ కూడా వచ్చింది గానీ వయసు సంగతి ఎత్తలేదు. పుల్లమ్మ పొద్దెక్కేదాకా పడుకుంటోంది. మనసైన రోజు వస్తే మడుగు మధ్యలో చోటు దానికే. పొదలో కౌజుపిట్ట మళ్ళీ గుడ్లు పెట్టింది.

నక్క రోజూ పొద్దుగూకే వేళ వస్తుంది. పుల్లమ్మ పగలంతా పొర్లి పైకి తేల్చిన బురదను పక్కకు నెట్టుకుంటూ, కిక్కురుమనకుండా తాగి పోతుంది.

నీతి: ముసలివాళ్ళకు సెలవిచ్చేది వాళ్ళ సుఖం కోసం, వాళ్ళ నోరు మూయడానికి కాదు.